లైటు గదిలో తొమ్మిదో ప్రశ్న

మొన్న నా జాగాలోకి వచ్చిన కొత్త నర్సు ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, మెషిన్ మొత్తం నేర్చుకున్న. ఇగ నేర్చుకునేది ఏమన్న మిగిలిందా?" అని అడిగింది. మిగిలింది అన్నాను. ఏంది అంటే ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను, ఆమెతో పాటు ఈ పనిలోకి వచ్చే మీ అందరి కోసం.

నా ప్రమోషన్లు, బదిలీలు, దిగిపోయిన నాడు కప్పిన శాలువా ఇందులో ఉండవు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది. ఆ తప్పు ఎంతమంది విషయంలో చేశానో నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో కూర్చున్నా నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే.

ఆ గది పని

శంషాబాద్‌లో మా దవాఖాన చర్మ విభాగానికి ఒక చివర ఉండేది లైటు గది. నిలువు బీరువా లాంటి పెట్టె, లోపల అన్ని వైపులా ట్యూబులైట్లు. సోరియాసిస్ ఉన్నవాళ్లను బట్టలు తీయించి, కళ్లకు నల్లద్దాలు పెట్టించి అందులో నిలబెడతాం. ఎండలో ఉండే కిరణాల్లో ఒక రకాన్ని మాత్రమే కొలిచి ఒంటికి పట్టించడం ఆ పెట్టె పని. మొదటి రోజు కొన్ని సెకన్లు. ఆ తర్వాత ఒక్కో సిట్టింగుకు కొంచెం కొంచెం పెంచాలి. వారానికి మూడు రోజులు, రెండు మూడు నెలలు. మధ్యలో నాగాలు పడితే టైము తగ్గించాలి, మరీ ఎక్కువైతే మళ్లీ మొదటి నుంచి. పొరపాటున ఎక్కువ పెడితే ఒళ్లు కాలుతుంది. తక్కువ పెడితే మచ్చ కదలదు.

ఇదంతా మీకు వారంలో వస్తుంది. మెషిన్‌తో రానివి కొన్ని ఉన్నాయి. సిట్టింగు అయ్యాక నేల మీద తెల్లగా పొట్టు రాలి ఉంటుంది. ఆ మనిషి సిగ్గుపడి తనే చీపురు అడుగుతాడు. ఇవ్వకండి. "మా పని మేం చేసుకుంటం" అని నవ్వుతూ చెప్పి పంపండి. ఇంకొకటి, తలుపు అవతల నల్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ మనిషికి తనను ఎవరూ చూడటం లేదన్న ధైర్యం వస్తుంది. అప్పుడు మాట్లాడతాడు. ఫ్యాను చప్పుడులో మీరు చెవి పెట్టి వినాలి. నేను చాలామంది మాటలు విన్నాను. మాటలు ఆగిపోయినప్పుడు మాత్రం వినలేదు.

నర్సింహులు పేరు కొట్టేసిన రోజు

మంఖాల్ నుంచి నర్సింహులు అని ఒక రైతు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, కూరగాయలు పండించేవాడు. వీపు నిండా, మోకాళ్ల నిండా ఎర్రటి పట్లు, వాటి మీద తెల్లటి పొలుసు. పదిహేను సిట్టింగులకు సగం తగ్గింది. తర్వాత రావడం మానేశాడు. వరుసగా మూడు నాగాలైతే పేరు కొట్టేసి వేరేవాళ్లను పిలవాలన్నది మా రూలు. కొట్టేసే ముందు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

"ఏం నర్సింహులన్నా, తగ్గినంక మేం యాదికి రామా? నీ వంతు కోసం ఇక్కడ మస్తు మంది చూస్తున్నరు."

"వస్త సిస్టరమ్మా. లేవబుద్ధి అయితలేదు."

"లేవబుద్ధి కాకుంటే ఎట్ల? పొలం పోతలేవా మరి?"

"పోతలేను."

ఒక రైతు పొలానికి పోవడం లేదు అంటే అది ఎంత పెద్ద మాటో నాకు ఆ రోజు తట్టలేదు. ఎర్ర పెన్నుతో పేరు కొట్టేశాను. ఆర్నెల్లకు ఆయన కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒంటి మీద వేలు పెట్టే జాగా లేదు. మనిషి సగమయ్యాడు. "మాట్లాడడు, తినడు, గోడ దిక్కు తిరిగి పండుకుంటడు" అన్నది ఆ పిల్ల.

అప్పటి మా పెద్ద డాక్టరు గారిది మంచి హస్తవాసి. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయనకు రోగి అంటే తోలే. నర్సింహులు ఎవరితోనూ మాట్లాడటం లేదట సార్ అని చెబితే, "సిస్టర్, మనం స్కిన్ చూస్తాం. మనసు సంగతి వేరే బిల్డింగు" అన్నారు. ఆ వేరే బిల్డింగు మా దవాఖానలో లేదు.

నర్సింహులుకు మళ్లీ మొదటి సెకన్ల నుంచి మొదలుపెట్టాను. కూతురు తనకు తెలిసిన ఒక మనసు డాక్టరుకు కూడా చూపించింది. మెల్లగా తేరుకున్నాడు. అందులో నేను చేసిందేమీ లేదు. నేను చేసింది పేరు కొట్టేయడం ఒక్కటే.

చదివి తెలుసుకున్నది

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. నాకున్నది నర్సింగు డిప్లొమా. ఆపైన నేను నేర్చిందంతా గ్రంథాలయాల్లోనే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. శంషాబాద్ శాఖా గ్రంథాలయంలో వైద్యం పుస్తకాలు ఒక్క అరలో సరిపోయేవి. అవి అయిపోయాక సెలవు రోజున బస్సెక్కి సిటీలో పెద్ద గ్రంథాలయానికి పోయేదాన్ని. ఒక పక్క ఇంగ్లీషు వైద్య గ్రంథం, ఒక పక్క నిఘంటువు, మధ్యలో నా నోటుబుక్కు. ఒక్కో పేజీకి ఒక పూట పట్టేది. "పరీక్ష ఉందా అమ్మా?" అని గ్రంథపాలకుడు అడిగితే ఉంది అనేదాన్ని.

నాకు అర్థమైనంత చెబుతాను. గాయమైతే బాగుచేయడానికి రావాల్సిన కణాలు సోరియాసిస్‌లో గాయం లేకుండానే వచ్చి తోలులో తిష్ట వేస్తాయి. దానితోనే ఆ ఎరుపు, వాపు, మంట. ఆ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రసాయనాలు తోలులోనే ఆగవు, రక్తంలో తిరుగుతాయి. వాటి ప్రభావం మెదడు మీదా పడుతుందని చెబుతారు. జ్వరం వచ్చినప్పుడు మనకు తినబుద్ధి కాదు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు, ముసుగు తన్ని పడుకోవాలనిపిస్తుంది కదా. అలాంటిది సన్నగా, జ్వరం లేకుండా, నెలల తరబడి నడుస్తుందనుకోండి.

అవతలి వైపు నుంచీ ఇదే వరస. కుంగుబాటు, నిద్రలేమి కలిసి ఒంట్లో ఆ వాపును రేపుతాయి. దురద నిద్రను చెడగొడుతుంది. జనం చూపులు మనిషిని ఇంట్లో కూర్చోబెడతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది అందరిలో ఒకేలా ఉండదు, పెద్ద చదువుల వాళ్లకే అది పూర్తిగా తేలలేదు. తేలిందల్లా ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండటం మనం అనుకునేదానికన్నా ఎక్కువ అని. ఇంకోటి, తోలు బాగైతే చాలామందికి మనసు తేలికపడుతుంది, కానీ అందరికీ కాదు.

ఈ చివరి మాట నోటుబుక్కులో గీత గీసి మరీ రాసుకున్నాను. అవసరమైన రోజున ఆ గీత గీసిన మాటే గుర్తు రాలేదు.

కొత్త డాక్టరమ్మ, కొత్త కాగితం

పెద్ద డాక్టరు దిగిపోయాక వచ్చిన డాక్టరమ్మది గుంటూరు వైపు. ఊడ్చే లక్ష్మమ్మను కూడా "మీరు", "అండి" అనే పిలిచేది. "నన్ను గిట్ల అండి అంటే ఎనకకు తిరిగి ఎవర్నో అనుకుంటున్న" అని లక్ష్మమ్మ నవ్వేది. ఆ డాక్టరమ్మ వచ్చిన నెలకే ఒక కాగితం తెచ్చింది. తెలుగులో తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి ఉందా, నేను పనికిరాను అనిపిస్తోందా, ఇలాంటివి. ఒక్కో దానికి నాలుగు గడులు: అసలు లేదు, కొన్ని రోజులు, చాలా రోజులు, దాదాపు రోజూ.

"ఎస్తేరుగారూ, సోరియాసిస్ వాళ్లందరినీ నెలకొకసారి ఇవి అడిగి గుర్తు పెట్టండి. ఒక్కటి కూడా వదలొద్దండీ" అంది.

నాకు పట్టరాని సంతోషమైంది. నేను బస్సెక్కి పోయి చదువుకున్నది మా గదిలోకి నడిచొచ్చినట్టు అనిపించింది.

ఎనిమిది ప్రశ్నలు సులువే. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా, మీకు మీరు హాని చేసుకోవాలనిపిస్తోందా అని. మొదటిసారి ఆ కాగితం పట్టుకున్న రోజున నా ఎదురుగా ఉన్నది ఆర్నెల్ల కింద పెళ్లయిన పిల్ల. మెడలో నల్లపూసల కొత్తదనం ఇంకా పోలేదు. ఆ మెడ చూస్తూ ఆ మాట ఎలా అడగను?

మా ఇంట్లో మూడు తరాల నుంచి చర్చికి పోతున్నాం. అయినా పొద్దుగూకే వేళ ఎవరైనా చెడ్డమాట అంటే మా అమ్మ "తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, నోరు మూయి" అని కసిరేది. దేవుడు మారినా ఆ దేవతలు మా ఇల్లు వదల్లేదు. నాలుక మీదికి ఆ మాట వచ్చే ముందు మా అమ్మ గొంతే వినిపించింది. "అసలు లేదు" అన్న గడిలో నేనే టిక్కు పెట్టేశాను. మరుసటి మనిషికీ అంతే. ఆ మరుసటి మనిషికీ అంతే. వారం తిరిగేసరికి అది నా చేతికి అలవాటైపోయింది. ఎనిమిది అడగడం, తొమ్మిదోది నేనే నింపడం.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు కానీ, అలా జరగదు, అడగడమే మేలు అని నేను చదివాను. ఏ పుస్తకంలో, ఏ పక్క పేజీలో ఉందో కూడా చెప్పగలను. పక్క గదుల నర్సులకు చెప్పాను కూడా. చెప్పి వచ్చి కూర్చుని, మళ్లీ టిక్కు పెట్టాను.

సుకన్య

సుకన్యకు ఇరవై ఎనిమిదేళ్లు. ఎయిర్‌పోర్టులో నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో తోసుకుపోయే ఉద్యోగం. భర్త మల్లేశ్ క్యాబ్ నడుపుతాడు. ఇద్దరివీ శంషాబాద్ చుట్టుపక్కల రైతు కుటుంబాలే. దవాఖానకు దగ్గర్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు.

ఆమెకు మొఖం మీద ఏమీ లేదు. చేతులు, మోచేతులు, కాళ్లు నిండా పట్లు. మొదటి సిట్టింగుల్లో తలుపు అవతలి నుంచి ఒకటే మాటలు.

"కుర్చీల కూసున్నోళ్లకు నా మొఖం కనబడదు సిస్టరమ్మా. చేతులే కనబడతయి. ఎనకకు తిరిగి చూస్తరు, పిడి మీద నా చేతులు. మొన్నొక పెద్దామె గట్లనే చూసి, వేరే అమ్మాయిని పంపున్రి అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? అడుగు తీసి అడుగు వెయ్యరాదామెకు. నన్ను చూసి లేచి ఉరుకుతదేమో అనిపిచ్చింది. ఉరికితే నా నౌకరి పోతది గద."

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఆమెను ప్రయాణికుల దగ్గరి నుంచి తీసి, కుర్చీలు తుడిచి వరసగా పెట్టే పనికి మార్చారు. మార్చారని ఒక రోజు చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. అప్పటి నుంచి మాటలు తగ్గుతూ వచ్చాయి. కొన్నాళ్లకు ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. మచ్చలు మాత్రం నేను అనుకున్నదానికన్నా తొందరగా పోతున్నాయి. నేను వాటినే చూస్తున్నాను. పిల్ల నిమ్మళపడ్డది అనుకున్నాను.

మూడో నెలలో డాక్టరమ్మ ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "సుకన్యగారూ, వేలెడంత మచ్చ కూడా లేదండీ. ఇంకో ఏడు సిట్టింగులు వారానికొకటి చొప్పున పెట్టి ఆపేద్దాం" అంది. సుకన్య "సరే మేడం" అని నవ్వింది. మా విభాగంలో అంత బాగా తగ్గినవాళ్లు తక్కువ. నాకు ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆగలేదు.

పంచిపెట్టిన సంచి

తర్వాతి వారం పెద్ద సంచితో వచ్చింది. నిండా పూర్తి చేతుల కుర్తాలు, జాకెట్లు, చేతులు కప్పుకునే చున్నీలు. అన్నీ లక్ష్మమ్మ బిడ్డకని తెచ్చింది.

"ఇగ నాకు ఇవి అక్కెర లేదు లక్ష్మమ్మా."

"ఎందుకుంటది? నీ చేతులు హీరోయిన్ చేతులు లెక్కయినయి. ఇగ చేతుల్లేని జాకెట్లే తొడుగు, మల్లేశ్ క్యాబ్ నడుపుడు మరిచిపోవాలె" అన్నది లక్ష్మమ్మ. అందరం నవ్వాం. సోరియాసిస్ తగ్గినవాళ్లు మొట్టమొదట వదిలించుకునేది పొడుగు చేతుల బట్టలనే. నాకు అది చాలాసార్లు చూసిన పండుగే.

నాకు మడత విప్పని చిలకపచ్చ పట్టుచీర ఇచ్చింది. "మీ రంగుకు మంచిగుంటది" అన్నది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. సిట్టింగు అయ్యాక తన నల్లద్దాల మీద అతికించిన పేరు చీటీ గోటితో గీకి తీసేసి, బయట బెంచీ మీద కూర్చున్న కొత్త పేషెంటుకు ఇచ్చేసింది.

"ఇంకా సిట్టింగులున్నయి గద సుకన్యా, అద్దాలెందుకు ఇస్తవు?" అన్నాను.

"అప్పటిది అప్పుడు చూద్దాం సిస్టరమ్మా."

ఆ రోజే నెల కాగితం నింపాల్సి ఉంది. ఎదురుగా కూర్చుంది. ఎనిమిది ప్రశ్నలు అడిగాను, చెప్పిన గడుల్లో టిక్కు పెట్టాను. తొమ్మిదోదానికి నా టిక్కు నేను పెట్టాను. ఆమె నా చేతి వైపు చూస్తూ కూర్చుంది.

మల్లేశ్ ఫోన్

మధ్యాహ్నం, సిట్టింగులు వారానికొకటికి మార్చిన సంగతి ఆమె ఫైలులో రాస్తూ మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాను. ఎప్పుడూ అలా పెట్టి చూసేదాన్ని కాదు. ఏ నెలది ఆ నెల ఫైలులో పెట్టి చర్మం చార్టు మాత్రమే డాక్టరమ్మ ముందు ఉంచేదాన్ని. చర్మం చార్టు నెల నెలకూ దిగుతూ వచ్చింది. ఈ కాగితాల్లో టిక్కులు నెల నెలకూ కుడి వైపు జరుగుతూ వచ్చాయి. నిద్ర లేకపోవడం, దాదాపు రోజూ. ఆకలి, దాదాపు రోజూ. నేను పనికిరాను, ఇంటోళ్లకు బరువు, దాదాపు రోజూ. ఆ టిక్కులన్నీ నా చేత్తో పెట్టినవే. ఆ పొద్దున పెట్టినవే.

టేబుల్ మీద చిలకపచ్చ చీర ఉంది.

సుకన్యకు ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. మల్లేశ్‌కు చేశాను.

"ఆరాంఘర్ కాడ ఉన్న సిస్టరమ్మా. చెప్పున్రి."

"సుకన్య ఎట్లుంది?"

"మస్తు మంచిగుంది, మీ పుణ్యమే. వారం సంది నాకు వంట నేర్పిస్తుంది. పప్పుల నీళ్లు ఎన్ని పొయ్యాలె, అన్నం ఎప్పుడు దించాలె, అన్ని. డబ్బాల మీద చిట్టీలు గూడ అతికిచ్చింది, కారం, పసుపు, చింతపండు అని. గ్యాస్ బుక్ చేసే నంబరు గోడ మీద పెద్దగ రాసింది. ఏందే, నన్ను ఇడిచిపెట్టి ఊరు పోతున్నవా అంటే నవ్వుతది."

అతనూ నవ్వుతూనే చెప్పాడు.

"మల్లేశ్, కార్ల సవారీ ఉన్నదా?"

"లేదు, ఇప్పుడే దింపిన."

"సీద ఇంటికి రా."

"ఏమైంది సిస్టరమ్మా?"

"నేను గూడ పోతున్న. జర జల్ది రా."

డాక్టరమ్మ గదిలోకి తలుపు తట్టకుండా పోయాను. కాగితాలు ముందు పెట్టాను. ఒక్క నిమిషం చూసింది. "మీరు వెంటనే వెళ్లండి. రాజేంద్రనగర్‌లో నాకు తెలిసిన మానసిక వైద్యురాలు ఉన్నారు, నేను మాట్లాడి ఉంచుతాను" అంది. తొమ్మిదోదాని టిక్కు చూసి, "ఆత్మహత్య ఆలోచన లేదన్నారు కదా, అదొకటి నయం" అంది. నేను నోరు తెరవలేదు. ఆ అబద్ధం కూడా నాదే.

అడిగాను

ఆటోలో దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచాఫ్ అన్న ఆ గొంతు ఇప్పటికీ చెవిలో పడితే ఫోన్ పెట్టేస్తాను. వాళ్ల గల్లీ మొదట్లో ఒకచోట జనం గుమిగూడి ఉంటే నా ప్రాణం పోయింది. కూరగాయల బండి అది.

తలుపు ఓరగా ఉంది. సుకన్య గడప లోపల పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను వెళ్లి ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"ఏంది సిస్టరమ్మా, గింత ఎండల వచ్చిన్రు?" అని లేచి నీళ్లిచ్చింది. ఇల్లు తుడిచి అద్దంలా పెట్టి ఉంది. అరల్లో డబ్బాలు, వాటి మీద గుండ్రటి అక్షరాలతో చీటీలు. నీళ్లు తాగి, వెనక్కి ఇద్దామని వెంట తెచ్చిన పట్టుచీర చాప మీద పెట్టాను.

"సుకన్యా, నిన్నొకటి అడగాలె. కాగితంల తొమ్మిదోది."

ఆమె చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది.

"చచ్చిపోవాలని అనిపిస్తుందా నీకు?"

పలికేశాను. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు.

"అనిపిస్తుంది" అన్నది.

"ఎప్పటి సంది?"

"కుర్చీలు తుడుసుడుకు మార్చినప్పటి సంది. ఇప్పుడు రోజూ."

"మరి నాకు ఒక్కనాడన్న చెప్పకపోతివి."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"మీరు అడుగుతరని చూసిన సిస్టరమ్మా. కాగితం మీ ముందల ఉంటది, నాకు తలకిందులు కనబడతది. ఎయిర్‌పోర్టుల కౌంటర్ల కాడ పెద్దోళ్ల టికెట్లు, పాస్‌పోర్టులు గట్లనే చదువుత, నాకు అలవాటు. మొదటి నెలనే చదివిన తొమ్మిదోది. ఇగ అడుగుతది, చెప్పేస్త అని గుండె బిగవట్టుకొని కూసున్న. మీరు అసలు లేదు అని గీసిన్రు. రెండో నెల గూడ కూసున్న. గంత చదువుకున్న సిస్టరమ్మే లేదు అని రాస్తుంటే, ఉన్నది అని నేనెట్ల అంటా? అది అనేది కాదేమో అనుకున్న."

"తప్పు నాది. భయపడి అడగలే" అన్నాను.

బియ్యం పక్కకు జరిపి తనే అన్నది. "మచ్చలు పోయినంక సంబురం రావాలె గద. అందరికీ వచ్చింది. మల్లేశ్‌కు వచ్చింది, మీకు వచ్చింది. నాకు రాలే. మచ్చలున్నప్పుడు గా మచ్చల వల్లనే ఇట్లున్న అని నాకు నేను చెప్పుకుంటి. అవి గూడ పోయినంక ఇగ ఏం వంక చెప్పాలె సిస్టరమ్మా?"

మల్లేశ్ వచ్చేసరికి ఇద్దరం ఆ చాప మీదే ఉన్నాం. దాచకుండా చెప్పాను. తాళంచెవి చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడిపోయాడు. "నాతోని ఏమన్న తప్పయిందా?" అని ఆమెను అడిగాడు. "నీతోని ఏం లేదు" అన్నది. డబ్బాల చీటీల వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. ఏడ్వలేదు, పీట జరిపి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఇంట్లో ఉన్న మందులన్నీ అడిగి తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. డాక్టరమ్మ చెప్పే దాకా సుకన్యను ఒంటరిగా వదలొద్దని మల్లేశ్‌కు చెప్పాను. అతని క్యాబ్‌లోనే ముగ్గురం రాజేంద్రనగర్ పోయాం. వెనక సీట్లో ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఓదార్చడానికి పట్టుకున్నానని ఆమె అనుకుని ఉంటుంది. వదిలితే ఎటు పోతుందోనని పట్టుకున్నాను.

మిగిలిన కాగితాలు

మరునాడు పొద్దున డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆమె ఫైళ్ల వైపు చూసి, "ఎన్ని కాగితాలండీ?" అని ఒక్కటే అడిగింది. అన్నీ మేడం అన్నాను.

"అయితే అందరికీ ఫోన్ చేద్దాం. సగం మీరు, సగం నేను."

రోజూ మధ్యాహ్నం కూర్చుని చేశాం. చాలామంది లేదు అన్నారు, ఒకరిద్దరు నవ్వారు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు "శుభమా అని కూర్చుంటే ఇదేం ప్రశ్నమ్మా" అని చెడామడా తిట్టాడు. ఆ తిట్లు నేను ఇష్టంగా విన్నాను. ముగ్గురు మాత్రం మాట్లాడలేదు. మాట్లాడని ముగ్గురినీ పిలిపించాం, ముగ్గురూ వచ్చారు. నర్సింహులు కూడా ఫోన్ ఎత్తాడు, పొలంలో ఉన్నాడు. కొన్ని నంబర్లు మాత్రం పనిచేయలేదు. చిరునామాలు పట్టుకుని కొన్ని ఇళ్లకు పోయాను. కొందరు ఇల్లు మారారు. వాళ్లు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో నాకు తెలియదు. ఆ పేర్లు నా నోటుబుక్కు వెనక పేజీల్లో ఉన్నాయి. బజారులో పూర్తి చేతుల కుర్తా వేసుకున్నవాళ్లు ఎదురైతే ఇప్పటికీ ఆగి మొఖం చూస్తాను.

మీరు ఈ పనిలోకి వచ్చాక మీకూ ఏదో ఒక ప్రశ్న నోట్లోకి రాదు. నాకు రానిది ఇది, మీకు రానిది ఇంకొకటి కావచ్చు. అదేదో ముందు కనిపెట్టండి, ఇంట్లో గట్టిగా పలికి చూసుకోండి. నేను వారం రోజులు వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఆ ప్రశ్న పైకి అనుకున్నాను. ఆ మాట వినబడి మా ఆయన పరేషాన్ అయ్యాడు.

సుకన్యకు మానసిక వైద్యురాలు మందులు మొదలుపెట్టింది. వారం వారం పోయి మాట్లాడి వచ్చేది. మల్లేశ్ బండి అద్దాలు తుడుచుకుంటూ బయట ఉండేవాడు. నెల తిరిగాక మా గదికి వచ్చింది. మోచేతుల మీద రెండు మచ్చలు మళ్లీ లేచాయి. ఎదురుగా కూర్చుంది. ఎనిమిది అడిగాను. తొమ్మిదోది అడిగాను. మాట మధ్యలో ఆపకుండా పూర్తి చేశాను.

ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"అనిపిస్తుంది సిస్టరమ్మా. అప్పటి లెక్క రోజూ కాదు. మొన్న సోమారం అనిపిచ్చింది. మల్లేశ్‌కు ఫోన్ చేసి చెప్పిన, బండి ఆపి మాట్లాడిండు."

"కొన్ని రోజులు" అన్న గడిలో టిక్కు పెట్టి, కాగితం ఆమె వైపు తిప్పి పెట్టాను. వేలు పెట్టి పై నుంచి ఒక్కొక్క వరసా చదివింది. నిద్ర దగ్గర ఆగి, "ఇది గా పక్క గడి, చాలా రోజులు" అని నాతో దిద్దించింది. వేలు కిందికి జరుపుకుంటూ తొమ్మిదోదాని దాకా వచ్చి ఆగింది.

"ఇది సరిగ్గనే రాసిన్రు" అన్నది.